ఆర్టిస్ట్ నంబర్ ఇరవై ఏడు

ఆ రోజు ఉదయం పదకొండు లోపే వకుళ ఒకే మొగుణ్ణి మూడుసార్లు పోగొట్టుకుంది. మొదటిసారి లారీ కింద పడ్డాడు. రెండోసారి తోడికోడలు కలిపిన పాయసం తాగాడు. మూడోసారి ఎలా పోయాడో రైటర్ ఇంకా తేల్చలేదు గానీ, పోవడం మాత్రం ఖాయం, ముందు ఏడుపు రికార్డు చేసి ఉంచండి, మూడింట్లో ఏది వాడాలో ఛానల్ వాళ్లు చెబుతారు అని కబురు పంపాడు. మూడింటికీ మూడు రకాలుగా ఏడ్చి, మధ్యలో రెండిడ్లీలు తిని, నాలుగో టేక్ కోసం చేతి గాజులు మళ్లీ తీసి పక్కన పెట్టింది వకుళ. గాజులుంటే మైకులో గలగలమంటాయి. మొగుడు పోతే గాజులు తీసే ఆచారానికి సరైన కారణం ఉన్న చోటు ప్రపంచంలో ఆ గది ఒక్కటే.

అది కృష్ణానగర్‌లో ఒక జిరాక్స్ షాపు కింది సెల్లార్. గోడలకి స్పాంజి, మధ్యలో మైకు, ఎదురుగా టీవీ, అద్దం అవతల సౌండ్ ఇంజినీర్ జిలానీ. టేక్ అనగానే ఏసీ, ఫ్యాను రెండూ ఆగిపోతాయి. సీరియల్ హీరోయిన్ల ముఖాలు బెంగళూరు నుంచీ మైసూరు నుంచీ వస్తాయి. వాళ్లకి తెలుగు రాదు. గొంతులు ఇలాంటి సెల్లార్లలోంచి వెళతాయి. ఒకప్పుడు వకుళ ఐదుగురు హీరోయిన్లకి గొంతు. ఇప్పుడు గొంతు మొరాయించడంతో నలుగురిని వదిలేసి, మమత టీవీలో రోజూ రాత్రి ఎనిమిదింటికి వచ్చే 'ఎనిమిదో అడుగు' సీరియల్ హీరోయిన్ మైథిలికి మాత్రమే చెబుతోంది. పద్నాలుగేళ్ల సర్వీసులో ఆమె దగ్గర పదకొండు రకాల ఏడుపులు పోగయ్యాయి. పుట్టింటి ఏడుపు వేరు, మెట్టినింటి ఏడుపు వేరు. దిండులోకి ఏడవడం వేరు, దేవుడి గదిలో ఏడవడం వేరు. వంటింట్లో ఏడుపుకి మధ్యలో ముక్కు ఎగబీల్చాలి, లేకపోతే ఉల్లిపాయలనుకుంటారు.

"అక్కా, మల్లోసారి," అన్నాడు జిలానీ హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి జరిపి. "ఆఖర్ల గొంతు చీరింది."

"చీరాలి కదా. మొగుడు పోయాడు."

"మొగుడు పోతే ఎట్ల చీరుతదో నాకెరుకనే. ఇది వేరే. ఇది లోపల్నించి చీరింది."

జిలానీ చెవి అబద్ధం చెప్పదు. వారం కిందటే అమీర్‌పేటలో గొంతు డాక్టరు సన్నటి కెమెరా లోపలికి పంపించి, తెర మీద వకుళకి ఆమె గొంతునే చూపించాడు. స్వరపేటిక మీద అటొకటి ఇటొకటి బియ్యపు గింజలంత కాయలు. "పది రోజులు పూర్తి మౌనం," అన్నాడాయన. "గుసగుసలు కూడా వద్దు, అవి ఇంకా చేటు. లేదంటే మీరుంటారు గానీ మీ గొంతు ఉండదు."

పది రోజులు అడగడం తేలికే. ఆ పది రోజులు ఇంకెవరైనా మైథిలిగా ఏడిస్తేనే కష్టం. ఈ పనిలో పది రోజులకి వచ్చిన గొంతు మళ్లీ పోదు. వకుళకి మొదటి హీరోయిన్ అలాగే దొరికింది. సుభాషిణి అనే ఆవిడకి కామెర్లొచ్చి తొమ్మిది రోజులు పడుకుంటే, తొమ్మిది రోజులకని వచ్చింది వకుళ. సుభాషిణి ఇప్పుడు వాట్సాప్‌లో చీరలు అమ్ముతోంది. అప్పుడప్పుడూ ఆ చీరల ఫొటోలు వకుళకి కూడా వస్తాయి. వచ్చినప్పుడల్లా ఒకటి కొంటుంది.

కాబట్టి వకుళకి కావలసింది సెలవు కాదు. ఆ సీరియల్లో ఎవరూ ఆమె బదులు నోరెత్తని పది రోజులు.

సరిగ్గా ఆ వారమే ఛానల్‌కి మనసు గురించి బెంగ పట్టుకుంది.

ఎక్కడో వేరే భాషలో ఒక నటి, ఏడుపు సీను చేశాక మూడు రోజులు ఇంట్లో తేరుకోలేకపోయానని ఇంటర్వ్యూలో చెప్పింది. అందులో తప్పేం లేదు, రోజుకి పది గంటలు ఏడుస్తున్నట్టు ఉంటే మనిషి అరిగిపోతుంది. నిజమైన మాట. కాకపోతే నిజమైన మాట ఒకటి హెడ్డాఫీసుకి చేరింది. ముంబైలో పెద్దాయన ఆ వీడియో చూసి కళ్లు తుడుచుకున్నారట. మర్నాడు ఉదయానికల్లా హైదరాబాద్‌లో భావోద్వేగ భద్రతా విభాగం ఏర్పడింది. దానికి అధిపతిగా పరాంకుశం గారు వచ్చారు. ఆయన అంతకుముందు పంతొమ్మిదేళ్లు సిమెంట్ ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు.

మణికొండలో సీరియల్ తీసే అద్దె డూప్లెక్స్‌లో మీటింగ్ పెట్టారు. సీరియల్‌తో సంబంధం ఉన్న ప్రతి ఒక్కరూ రావాలన్నారు కాబట్టి వకుళా, జిలానీ కూడా వెళ్లారు. గేటు దగ్గరే పసుపుపచ్చ బోర్డు: 'ఈ సెట్‌లో చివరి భావోద్వేగ ప్రమాదం జరిగి ___ రోజులు.' ఖాళీలో అంకెల అట్టలు తగిలించడానికి మేకులు. సున్నా నుంచి తొంభై తొమ్మిది దాకా అట్టలు చేయించారు గానీ, ఆ తర్వాత చాలా రోజులు సున్నా తప్ప వేరే అట్ట పెట్టాల్సిన అవసరం రాలేదు.

"కళాకార సోదర సోదరీమణులారా," అన్నారు పరాంకుశం గారు. "దుఃఖం ఒక ప్రమాదకర పదార్థం. దాన్ని రక్షణ లేకుండా ముట్టుకోవడం ఇకపై నిషిద్ధం. తెరపై వినవచ్చే రోదన ప్రతి అరనిమిషమూ, లేదా అందులో ఏ భాగమైనా, ఒక శోక యూనిట్‌గా పరిగణించబడుతుంది. నలభై యూనిట్లు దాటిన కళాకారులు పది రోజుల నిర్వికార విరామం తప్పనిసరిగా స్వీకరించవలెను. విరామంలో ఉన్నవారి స్థానంలో మరొకరిని గానీ, మరొకదానిని గానీ నియమించరాదు."

వకుళ నిటారుగా కూర్చుంది. పది రోజులు, బదులు ఎవరూ రాకూడదు. డాక్టరూ ఈయనా మాట్లాడుకున్నారేమో అన్నంతగా ఉంది.

యూనిట్లు లెక్కపెట్టేది మనిషి కాదు, మనోనేత్రం అనే యాప్. అది ఎపిసోడ్ చూస్తుంది. ఏడుపు వినబడగానే ఆ క్షణంలో తెర మీద ఏ ముఖం ఉందో పట్టుకుని, ఆ ముఖం ఖాతాలో యూనిట్ వేస్తుంది. తనకి తెలియని కొత్త ముఖం కనబడితే తనే ఒక నంబరు ఇచ్చుకుంటుంది. పొరపాటు పడదు. పడినట్టు రుజువు చేయడానికి అందులో బటన్ లేదు.

వకుళ చెయ్యెత్తింది. "నాకు కూడా యూనిట్లు పడతాయాండీ? ఆ ఏడుపు నాదే."

"మీ ముఖం ఏ సన్నివేశంలో ఉందమ్మా?"

"ముఖం లేదండీ. గొంతుంది."

"గొంతు ఒక మాధ్యమం మాత్రమేనమ్మా." ఆయన జాలిగా నవ్వారు. "మా ఫ్యాక్టరీలో హెల్మెట్ బస్తా మోసేవాడికి ఇచ్చేవాళ్లం. బస్తాకి కాదు కదా."

ఈలోగా ఇంకో గొడవ. ఎవరైనా పోయిన సీను తీశాక ఫొటోకి వేసిన దండ తీసేసి, ఆ నటుణ్ణి కెమెరా వైపు చూసి ఒక్క నవ్వు నవ్వమని, గుమ్మడికాయ కొట్టి ఇంటికి పంపడం అక్కడి ఆనవాయితీ. పోయినట్టు చేసినవాడు పోలేదని అందరికీ, ముఖ్యంగా వాడికి, తెలియాలని. పరాంకుశం గారు దాన్ని అశాస్త్రీయమన్నారు. గుమ్మడికాయ స్థానంలో నలభై ఏడు ప్రశ్నల నిష్క్రమణ పత్రం పెట్టారు. విరామానికి వెళ్లేవాళ్లు నింపేదీ అదే. మైథిలి మొగుడిగా వేసినతను ఆ పత్రం నింపుతూ ముప్పై మూడో ప్రశ్న దగ్గర, 'మీరు ఇప్పుడు జీవించి ఉన్నారని ఎంత శాతం నమ్ముతున్నారు' అన్నచోట ఆగిపోయాడు. అప్పటిదాకా అతనికి ఆ అనుమానం లేదు.

నాలుగు రోజులు తిరక్కుండా మైథిలి వేషం వేసే అనఘకి నలభై యూనిట్లు నిండాయి. అనఘది మైసూరు. మొగుడి శవం మీద పడి ఏడ్చేటప్పుడు ఆ అమ్మాయి అనేది కన్నడంలో ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు. పెదాలు కదిలితే చాలు, మిగతాది సెల్లార్లో వకుళ చూసుకుంటుంది. ఓసారి పద్నాలుగు దగ్గర మర్చిపోయి మళ్లీ మొదటికొచ్చింది. ఆ షాట్‌ని అందరూ గుండెలు పిండేసిందన్నారు.

"నంగేనూ ఆగిల్ల సార్. నేను బాగుంది," అంది అనఘ.

"ఇది నిరాకరణ దశ," అన్నారు పరాంకుశం గారు రాసుకుంటూ. "బాగున్నాననడం మొదటి లక్షణం."

ఆ సాయంత్రమే మైసూరు బస్సెక్కించారు.

డైరెక్టర్ సుందర్రాజుది భీమవరం. వెయ్యి ఎపిసోడ్లు తీసిన మనిషి. హీరోయిన్ పెళ్లికని వెళ్లి రానప్పుడు మొహానికి కట్టు కట్టి వేరే అమ్మాయితో నెలరోజులు లాగించిన అనుభవం ఉంది. కానీ ఇప్పుడు బదులు ఎవరినీ పెట్టకూడదు. రాత్రికి కథ కావాలి. మొగుడు పోయి రెండో రోజు, ఏడవాల్సిన ముఖం బస్సులో ఉంది.

"ఏవుందండీ, గదిలోకెళ్లి తలుపేసుకుంది," అన్నాడు. "బయట అందరూ నించుంటారు. లోపల్నించి ఏడుపు వినపడద్ది. వకుళ గారున్నారు కదా."

అలా తలుపు రంగంలోకి వచ్చింది.

ప్లైవుడ్ తలుపే గానీ పాత ఇంటి తలుపులా రంగు వేశారు. పైన అటొకటి ఇటొకటి ఇత్తడి కడియాలు. వాటి కింద మధ్యలో అడ్డంగా ఒక గడియ, ఒక పక్క స్క్రూ ఊడి కాస్త కిందికి జారి. లోపల గడియ పెట్టుకున్న పిల్లకి బయట గడియ ఎందుకుందని ఎవరూ అడగలేదు. అత్తగారు ఆ తలుపు గుద్దింది. మావగారు దానికి నుదురు ఆనించాడు. తోడికోడలు దాని పక్కన నిలబడి కుట్రగా నవ్వింది. ఆరు కోణాల్లోంచి కెమెరా తలుపు మీదికి దూసుకెళ్లింది. వెనకాల వకుళ ఏడ్చింది.

అంతకుముందు రోజుకి మూడు నాలుగు నిమిషాలు ఏడిస్తే సరిపోయేది. మధ్యలో అనఘ కళ్లు, ముక్కుపుడక, వణికే పెదవి కొంత పని చేసి పెట్టేవి. తలుపుకి అవేవీ లేవు. ఇప్పుడు ఎపిసోడ్‌కి ఇరవై రెండు నిమిషాల ఏడుపు, మొత్తం గొంతులోంచే. రేటింగ్ వచ్చిన రోజు సుందర్రాజు స్వీట్లు పంచాడు. సీరియల్ చరిత్రలోనే అంత రేటింగ్ లేదు. జనం ఆ తలుపు ముందు కదలకుండా కూర్చుంటున్నారట.

స్వీటు నోట్లో పెట్టుకుంటే వకుళకి మింగుడు పడలేదు. గొంతులో బియ్యపు గింజ ఇప్పుడు కందిగింజ అయినట్టుంది.

మైసూరులో అనఘ పదో రోజున పత్రం నింపింది. 'ప్రస్తుతం మీ మానసిక స్థితి' అన్నచోట, అమ్మ చేతి వంట తింటున్నాను, చాలా సంతోషంగా ఉన్నాను అని రాసింది. భర్త పోయి పన్నెండు రోజులైనా కాకుండా ఈ సంతోషం అసహజమని విభాగం తేల్చింది. విరామం ఇంకో పదిహేను రోజులు పొడిగించారు.

ఆ కబురు విన్న రోజు వకుళ ఫోన్లో యాప్ దింపుకుని విరామం కోసం నిష్క్రమణ పత్రం తెరిచింది. ముఖం చూపించమంది. చూపించింది. కాసేపు గిరగిరా తిరిగి, 'ఈ ముఖం ఏ ఎపిసోడ్‌లోనూ లేదు. మీరు దుఃఖంలో పాల్గొనలేదు' అంది. లైటు వెలుతురులో నిలబడి మళ్లీ చూపించింది. 'మీరు దుఃఖంలో పాల్గొనలేదు. మీ రోజు శుభంగా గడవాలి.'

ఇక లాభం లేదని డాక్టరు రిపోర్టు పట్టుకుని జూబ్లీహిల్స్‌లో పరాంకుశం గారి ఆఫీసుకే వెళ్లింది. గోడ మీద పెద్ద తెర, దాని నిండా పచ్చ చుక్కలు. ఒక్కో చుక్కా ఒక్కో కళాకారుడి మనసు. ముంబైలో పెద్దాయన గదిలోనూ ఇదే తెర ఉందని ఆయన ముందే చెప్పారు, కుర్చీ చూపించడానికి కూడా ముందు.

"ఇది శరీరానికి సంబంధించిన నివేదిక కదమ్మా. మాది మనసు విభాగం."

"పోనీ మనసే చూడండి సార్. రోజూ అంతసేపు ఏడిస్తే నాకేం కాదా?"

ఆయన న్యాయంగా ఆలోచించారు. చేతికి కట్టే పట్టీ ఒకటి ఇచ్చి, దాంతో ఏడ్చి రమ్మన్నారు. గుండె వేగాన్ని బట్టి దుఃఖం తేలుతుందట. వకుళ ఆ మధ్యాహ్నం పట్టీ కట్టుకుని, గాజులు తీసి, పదకొండింట్లోకీ కష్టమైన ఏడుపు, శబ్దం రాకుండా ఏడవాలని ప్రయత్నించి ఓడిపోయే ఏడుపు, ఆరు నిమిషాలు ఏడ్చింది. అద్దం అవతల జిలానీ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పట్టీ డెబ్బై రెండు చూపించింది. మొదట్లో డెబ్బై రెండు, చివర్లో డెబ్బై రెండు. పద్నాలుగేళ్లు చేసిన పనికి గుండె ఉలిక్కిపడదు. వంటమనిషికి పొయ్యి సెగ తగలనట్టు. ఏడుస్తూనే ఆమె రాత్రికి బీరకాయ చేయాలా దోసకాయ చేయాలా అన్నది కూడా తేల్చుకుంది.

"అభినందనలు," అని మెసేజ్ పంపారు పరాంకుశం గారు. "మీరు సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నారు."

రెండు రోజుల తర్వాత ఆయనే సెల్లార్‌కి వచ్చారు. మెట్లు దిగేసరికి చొక్కా తడిసిపోయింది. గోడ మీద తెరలో ఒక చుక్క ఎర్రబడిందట. ఆర్టిస్ట్ నంబర్ ఇరవై ఏడు, మూడువందల పన్నెండు యూనిట్లు. విరామం తీసుకోమని యాప్ వారం రోజులుగా ఆ ఇరవై ఏడుకే మెయిళ్లు పంపుతోంది. ఒక్కదానికీ జవాబు లేదు. దాంతో సంగతి నేరుగా ముంబై వెళ్లిపోయింది. పెద్దాయన ఫోన్ చేసి, ఎవరా అభాగ్యురాలు, మన సంస్థలో ఒక మనిషి మూడువందల యూనిట్లు మౌనంగా భరిస్తోందా అని అడిగారట.

"సెట్‌లో ఎవరినడిగినా తెలియదంటున్నారు. శబ్దం ఇక్కడి నుంచే వెళ్లింది కాబట్టి మీకు తెలిసి ఉండాలి," అంటూ ఫోన్లో ఫొటో చూపించారు.

వకుళ చూసింది. జిలానీ వంగి చూశాడు.

రెండు ఇత్తడి కడియాలు. వాటి కింద ఒక పక్కకి జారిన గడియ. అది నిజంగానే, ఇప్పుడో ఇంకాసేపటికో ఏడవబోయే ముఖంలా ఉంది.

"సార్, ఇది తలుపు," అన్నాడు జిలానీ.

పరాంకుశం గారు ఫొటోని పెద్దది చేసి చూశారు. ఆయనకి కళ్లున్నాయి, తలుపని ఆయనకీ కనబడింది. కానీ మనోనేత్రం పొరపాటు పడదని ఆయనే పదహారు స్లైడ్లలో ముంబైకి చెప్పారు. ఎర్ర చుక్క పచ్చబడాలంటే యాప్‌లో రెండే దారులు. ఒకటి విరామం. రెండోది రాజీనామా.

"వ్యవస్థ గుర్తించిన దుఃఖాన్ని మనం కాదనలేం," అన్నారు చివరికి, మెల్లగా. "ఆకారాన్ని బట్టి వివక్ష చూపడం మన విధానం కాదు. సమస్య ఏమిటంటే, నిష్క్రమణ పత్రం ఎవరు నింపుతారు?"

వకుళ ఆ పత్రం కింద చిన్న అక్షరాల్లో ఉన్నదాన్ని చదివి ఉంది. సెలవు కోసం నాలుగుసార్లు చదివింది. "స్వయంగా సంతకం చేయలేని స్థితిలో ఉన్నవారి తరఫున, వారి బాధను దగ్గరగా ఎరిగినవారు నింపవచ్చు అని ఉంది కదండీ," అంది బొంగురు గొంతుతో. "దాని వెనకాల ఉన్నది నేనే."

పరాంకుశం గారు ఆమె చేతులు రెండూ పట్టుకున్నారు.

జిలానీ టైపు చేస్తుంటే వకుళ చెప్పింది. మొదట్లో నవ్వుకుంటూనే మొదలెట్టారు.

"పేరు?"

"తలుపు."

"మీ బాధ ఇతరులతోని పంచుకుంటరా?"

"ఇతరులే వాళ్ల బాధ నాతో పంచుకుంటారు. తల ఆనించి. అత్తగారైతే గుద్ది కూడా."

"లోపల ఖాళీగున్నట్టు అనిపిస్తదా?"

"ప్లైవుడ్ కదండీ, అని రాయి."

జిలానీ ముక్కులోంచి నవ్వు వచ్చి కీబోర్డు మీద పడింది. తుడిచి, తర్వాతిది చదివాడు. "పనిల మీకు గుర్తింపు ఉన్నదా?"

"నాకు ముఖం ఉంది కాబట్టి ఉంది. నా వెనకాల ఒకావిడ ఉంటుంది. ఆవిడ ఉందని ఎవరికీ తెలియదు."

జిలానీ కొట్టాడు. ఈసారి నవ్వలేదు.

"మీ గురించి ఎవరికన్న చెప్పుకున్నరా?"

"చెప్పుకోవడానికెళితే, నేను దుఃఖంలోనే పాల్గొనలేదన్నారు."

నలభై ఏడో ప్రశ్న: మీకు ఏం కావాలి? వకుళ జిలానీ దగ్గర కీబోర్డు తీసుకుని తనే కొట్టింది. 'పది రోజులు నా వెనక ఎవరూ ఏడవకుండా ఉంటే చాలు.'

అరగంటలో మంజూరైంది. ఆ సమాధానాలు చదివి ముంబైలో పెద్దాయన మళ్లీ కళ్లు తుడుచుకున్నారట. ఇంత నిజాయితీగా ఎవరూ మనసు విప్పలేదు, ఈ కళాకారిణిని స్వయంగా కలవాలని ఉంది అన్నారట. విరామంలో ఉన్నవారిని కలవడం నిబంధనలకి విరుద్ధమని పరాంకుశం గారు ఎలాగో ఆపారు.

మర్నాడు కార్పెంటర్ వచ్చి మరలు విప్పాడు. తలుపుని రెండు దుప్పట్లలో చుట్టి టెంపోలో పడుకోబెట్టారు. వికారాబాద్ కొండల్లో గాలి వచ్చే గది ఒకటి మాట్లాడారు. పరాంకుశం గారు శాలువా కప్పి, ఫొటో తీయించుకుని, డ్రైవర్‌తో గుంతల దగ్గర నెమ్మది అన్నారు. గేటు దగ్గర బోర్డుకి ఆ రోజు మొదటిసారి ఒకటో నంబరు అట్ట తగిలించారు.

సుందర్రాజు మాత్రం ఖాళీ గుమ్మం ముందు నిలబడి నెత్తి గోక్కున్నాడు. అవతల గదిలో మైథిలి లేదని ఇప్పుడు లోకమంతా చూడొచ్చు.

"వేరే తలుపు బిగించేద్దావండి. ఎవడు చూడొచ్చాడు."

"మరొకదానిని గానీ నియమించరాదు," అన్నారు పరాంకుశం గారు.

"పోనీ బాత్రూంలోంచి ఏడిపిద్దావండి."

"బాత్రూం తలుపుకి యూనిట్లు పడతాయి."

"ఫోన్లో?"

"ఫోన్ పక్కన ఏది కనబడితే దానికి. నిన్న మీ ఫ్రిజ్‌కి ఇరవై ఎనిమిదో నంబరు ఇచ్చింది. పైన రెండు అయస్కాంతాలు, కింద ఒక హ్యాండిల్. ఇప్పటికే పదకొండు యూనిట్లున్నాయి."

సుందర్రాజు ఫ్రిజ్ వైపు చూశాడు. అద్దె ఫ్రిజ్. అది కూడా కొండలకెళితే ఇంటి ఓనరు ఊరుకోడు. ఇంక ఆ ఇంట్లో ఉయ్యాల ఉంది, బీరువా ఉంది, రెండు కొళాయిలున్న సింకు ఉంది.

"సరేనండి బాబు," అన్నాడు దణ్ణం పెట్టి. "మొగుడి ఆత్మశాంతికి మైథిలి మౌనవ్రతం పట్టేసింది. మేడ మీద గదిలో. పది రోజులు కిక్కురుమనదు. ఈలోపు అత్తగారిచేత ఆవకాయ పెట్టిస్తాను. ఏంచేస్తాం మరి."

వకుళ ఆ మాట జిలానీ ఫోన్లో విని, గాజులు తొడుక్కుని, ఇంటికెళ్లి నోరు మూసుకుంది.

యూసుఫ్‌గూడలో వాళ్లది మూడో అంతస్తు. మొదటి రోజు వకుళ అత్తగారు కోడలు అలిగిందనుకున్నారు. రెండో రోజు ఎందుకు అలిగిందో చెప్పమన్నారు. మూడో రోజు తనే ఏదో తప్పు చేసి ఉంటానని పెసరట్లు వేసి పెట్టారు. వకుళ పలక మీద డాక్టరు చెప్పిందంతా రాసి చూపించింది. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని చదివి, "ఈ మాట ముందే నోటితో చెప్పొచ్చుగా తల్లీ," అన్నారు.

రాత్రి ఎనిమిదింటికి ఇద్దరూ సీరియల్ చూశారు. తెర మీద ఆవకాయ. మధ్యమధ్యలో కెమెరా అలవాటు మానలేక ఖాళీ గుమ్మం మీదికి దూసుకెళ్లి, అక్కడేమీ లేక వెనక్కొచ్చేది.

"పాపం ఆ తలుపేమైందో," అన్నారు అత్తగారు. "మంచి తలుపు. దాని ఎదురుగా కూచుంటే మనసులో ఉన్నదంతా బయటికొచ్చేది."

వకుళకి ఎందుకో కళ్లలోంచి నీళ్లు జారాయి. శబ్దమేమీ లేదు. ముక్కు ఎగబీల్చలేదు, గొంతు వణకలేదు, పదకొండింట్లో దేనికిందికీ రాదు. పరాంకుశం గారు వెనక్కి తీసుకోవడం మరిచిన పట్టీ ఇంకా చేతికే ఉంది. డెబ్బై రెండు చూపించింది. అంటే ఏమీ జరగలేదన్నమాట. కొంగుతో తుడుచుకుంది.

పదకొండో రోజు ఉదయం అమీర్‌పేట డాక్టరు మళ్లీ కెమెరా పంపించి చూశాడు. కాయలు చాలావరకు కరిగాయన్నాడు. "ఇవాళ్టి నుంచి మాట్లాడొచ్చు. మెల్లగా మొదలెట్టండి. ఏదీ, ఒక మాటనండి."

వకుళ నోరు తెరిచి మళ్లీ మూసేసింది. పలక మీద రాసింది: 'మైకు ముందే అంటానండీ.' ఎలా వస్తుందో ముందు జిలానీ చెవికి తెలియాలి.

సెల్లార్ మెట్లు దిగేసరికి లోపల పరాంకుశం గారు చాలా సంతోషంగా ఉన్నారు. తలుపు తిరిగొచ్చింది. కొండల్లో తేమకి కాస్త ఉబ్బి, నిన్న బిగిస్తుంటే కిర్రుమందట.

"పది రోజుల విరామం తర్వాత ఇరవై ఏడు మొదటిసారి స్పందించింది," అన్నారు. "అణచుకున్న భావోద్వేగం బయటపడటం అంటే ఇదే. ముంబై వారు ఆ శబ్దం తప్పక ప్రసారం కావాలన్నారు."

"సెట్ల సౌండ్ మేం వాడం కద సార్," అన్నాడు జిలానీ. "అంత కుక్కల మొరుగుడు, పక్కింటి బోరుమోటరు. ఏదైన ఈడ్నే చెప్పాలె."

"కాబట్టే, ఇరవై ఏడు తరఫున ఎవరు పలకాలో విభాగం నిర్ణయించింది. ఆమె బాధను దగ్గరగా ఎరిగినవారు." ఆయన జేబులోంచి ఒక కార్డు తీసి వకుళ మెళ్లో వేశారు. "ఈ రోజు నుంచి మీరు వ్యవస్థలో ఉన్నారమ్మా. మీరిక్కడ పలికిందీ మనోనేత్రం వింటుంది."

వకుళ కార్డు తిప్పి చూసుకుంది. ఆమె పేరు ఉంది. ఆర్టిస్ట్ నంబర్ ఇరవై ఏడు అని ఉంది. ఫొటో ఉండే చోట రెండు ఇత్తడి కడియాలు, ఒక పక్కకి జారిన గడియ.

జిలానీ మొహం ఎర్రబడింది. "అక్కా, చెప్తవా ఇది? వద్దంటే చెప్పు. నేనే ఏదో ఒక తలుపు గీకి రికార్డు చేస్త."

నువ్వొద్దన్నట్టు వకుళ తల అడ్డంగా ఊపింది. కార్డు చప్పుడు చేయకుండా జాకెట్లోకి దోపింది. గాజులు తీసి పక్కన పెట్టింది. ఏసీ ఆగింది, ఫ్యాను ఆగింది. తెర మీద ప్లైవుడ్ తలుపు మెల్లగా తెరుచుకోవడం మొదలైంది. పది రోజులుగా మూసిన గొంతు. ఎలా వస్తుందో, అసలు వస్తుందో లేదో.

"కిర్ర్ర్ర్."

చివరిదాకా వచ్చింది. ఎక్కడా చీరలేదు.

అద్దం అవతల జిలానీ హెడ్‌ఫోన్ రెండు చెవులకీ గట్టిగా అదుముకుని, కళ్లు మూసుకుని విని, బొటనవేలు పైకెత్తాడు. పక్కనున్న పరాంకుశం గారి మాట విని మైకు నొక్కాడు. "గొంతు సాఫ్ ఉన్నదక్కా. కానీ సార్ ఇంకో టేక్ అంటున్నరు. ఈసారి లోపల బాధున్నట్టు, జర దర్దుతోని కావాల్నట."

టేబుల్ మీద ఆమె ఫోన్ వెలిగింది. మనోనేత్రం నుంచి ఆమె పేరు మీద మొట్టమొదటి మెసేజ్. 'ఆర్టిస్ట్ నంబర్ 27: ఒక యూనిట్ నమోదైంది.'

వకుళ విరామానికి కావలసిన నలభైలోంచి ఒకటి తీసేసింది. ఇంకా ముప్పై తొమ్మిది.

"దర్దు ఎంత కావాలో అడుగు," అంది. "ఈ తలుపు రోజుకి ఎన్నిసార్లు తెరుచుకుంటుందో అది కూడా అడుగు."